మత్స్యవేది రస్సెల్

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశీయుడు, వృత్తిచే వైద్యుడు. అలెప్పో నగరమున ప్లేగు రోగులకు చికిత్స చేసి పేరొందెను. సోదరుడు క్లాడ్ విశాఖపట్టణమున కుంపిణీ ఉద్యోగి యగుటచే ఆతనితో కళింగాంధ్ర తీరమునకు వచ్చి, 1785లో కుంపిణీ ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యెను. పాముల విషమును పరీక్షించుటతోబాటు, ఇచ్చటి సముద్రమున దొరకు చేపలను సేకరించి, దేశీయ చిత్రకారులచే వాని బొమ్మలు వ్రాయించెను. 1789లో స్వదేశమునకు మరలెను. ఇన్నూరు చేపల వర్ణనము గల ఆయన గ్రంథము 1803లో లండనున వెలువడెను; రెండేండ్లకు, 1805లో, ఆయన కన్నుమూసెను.

ఆ గ్రంథమున విశేషమొకటి కలదు. పాలసొర మొదలుగా గల తెలుగు పేర్లనే, చెవికి వినబడినట్లు ఆంగ్లలిపిలో వ్రాసి, ఆయన ఆ చేపలను పేర్కొనెను. అనంతర శాస్త్రజ్ఞులు ఆ పటముల ఆధారముగా పలు చేపలకు లాటిన్ నామములిడిరి. రక్తపింజరిని లోకము నేటికిని రస్సెల్ పేరనే పిలుచుచున్నది. ఆ మాటలనొసగిన జాలరుల పేర్లు మాత్రము లోకమెరుగదు.