స్వాంతే అరీనియస్

స్వీడను దేశమున ఉప్సాలా నగరమునకు సమీపమందలి వీక్ అను చోట 1859వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన అరీనియస్ జన్మించెను. తండ్రి భూములను కొలుచు సర్వేయరు. బాలుడు మూడవయేటనే యెవ్వరును నేర్పకయే చదువ నేర్చెనందురు. ఉప్సాలా విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించి, 1881లో స్టాక్‌హోమునకు వెడలి, ఉప్పు మొదలగు వస్తువులు కరగిన నీటిగుండ విద్యుత్తు ఎట్లు ప్రవహించునో పరీక్షింప నారంభించెను.

శుద్ధోదకమున విద్యుత్తు మిక్కిలి స్వల్పముగా ప్రవహించును. పొడి యుప్పులో బొత్తిగా ప్రవహింపదు. ఆ రెండును కలిసినచో ధారాళముగా ప్రవహించును. ఉప్పునకు మారుగా పంచదార కలిపినచో నేమియు ఫలము లేదు. ఇది యేల? ఈ ప్రశ్నపై నతడు 1884లో 150 పుటల వ్యాసము వ్రాసి ఉప్సాలా పండితుల కర్పించెను. వారు వ్యాసమునకు నాలుగవ తరగతియు, సభలో దానిని సమర్థించినందుకు మూడవ తరగతియు నిచ్చిరి. అట్టి తరగతితో విశ్వవిద్యాలయమున బోధకపదవి లభించుట దుర్లభము.

అరీనియస్ ఆ వ్యాసపు ప్రతులను విదేశ పండితులకు పంపెను. రీగా నగరమందలి ఆస్ట్‌వాల్డు దానిని చదివి, ఆ వేసవియందే ఉప్సాలాకు స్వయముగా వచ్చి, తన యొద్ద నుద్యోగ మిచ్చెదనని చెప్పెను. తండ్రి వ్యాధిగ్రస్తుడై యుండుటచే నతడు వెంటనే పోజాలకపోయెను. పిమ్మట రీగా, వుర్త్స్‌బుర్గు, గ్రాజు, ఆమ్‌స్టర్‌డాము నగరములలో గొప్ప శాస్త్రజ్ఞులయొద్ద పనిచేసెను.

ఆమ్‌స్టర్‌డామునందలి వాంట్ హాఫ్ ద్రావణములనుగూర్చి వేసిన లెక్కలలో పంచదార చక్కగా నిమిడెను గాని, ఉప్పు ఇమడదయ్యెను. అణువులసంఖ్య సమముగా నున్నను, నీరు గడ్డకట్టు ఉష్ణోగ్రతను ఉప్పు పంచదారకంటె రమారమి రెండింతలు తగ్గించును. ఒక్కొక్క యుప్పు జంట రెండు కణములుగా విడిపోవునేని లెక్క కుదురును. ఉప్పు నీట కరగినంతనే, విద్యుత్తు ప్రవహింపక పూర్వమే, ధన ఋణ విద్యుత్తులు గల అయానులుగా విడిపోవునని అరీనియస్ 1887లో ప్రకటించెను.

దీనిని నమ్మనివారిని నిందించుట సులభమేగాని, వారి సందేహము మన బాలురకైనను తోచునట్టిదే. సోడియము నీట పడినంతనే బుసబుసలాడుచు మండును, క్లోరిను విషవాయువు. ఉప్పునీట నీ రెండును వేఱువేఱుగ నున్నచో, చారు త్రాగి మనమెట్లు బ్రతుకుదుము? విద్యుదావేశమే యిందులకు సమాధానము. సోడియము ఒక ఎలక్ట్రానును కోల్పోయినది. క్లోరిను దానిని గైకొన్నది. కోల్పోవుట ఆక్సీకరణమనియు, గైకొనుట క్షయకరణమనియు నేడు మనము చదువుచున్నాము. కోల్పోవలసినది ముందే కోల్పోయిన సోడియమునకు నీటితో కలహము లేదు. ఎలక్ట్రాను కనుగొనబడినది 1897లో గనుక, ఈ సమాధానము నింత స్పష్టముగా జెప్పుట ఆనాడు అరీనియస్‌నకు శక్యము గాకుండెను.

1903లో నతనికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. 1927వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్టాక్‌హోమున మృతినొందెను. సమాధి మాత్రము ఉప్సాలాలోనే యున్నది.