రెండు వేళ్ల సేవకుడు – రెవరెండ్ గ్యారీ డేవిస్ గారి జీవితం

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మన యౌవనస్థులు వేదిక దగ్గర గుమికూడి గిటారు గురించి మాట్లాడుకోవడం మీరందరూ చూసే ఉంటారు. ఏ కంపెనీది మంచిది, ఇనుప తీగెలు మేలా నైలాన్ తీగెలు మేలా, ఉన్న ఒక్కటి చాలునా లేక ఇంకొకటి కొనాలా అని వాదించుకుంటారు. ఆ ముచ్చట్లు తప్పు కావు. ఏ పనిముట్టునైనా ప్రేమించినవాడే దానిని బాగా వాడగలడు. అయితే ఆ మాటల మధ్య ఒక పేరు కూడా వినబడితే బాగుంటుందని నా ఆశ. ఆయన మనవంటి బాప్టిస్టు. అభిషేకం పొందిన సేవకుడు. చూపు లేనివాడు. కుడిచేతి రెండు వేళ్లతోనే గిటారు వాయించినవాడు. ఆయనే రెవరెండ్ గ్యారీ డేవిస్ గారు. గిటారు నేర్చుకునేవారు అనేక దేశాలలో ఆయన పేరును గౌరవంతో తలుస్తారు. మన సంఘాలలో మాత్రం ఆ పేరు అంతగా వినబడదు.

డేవిస్ గారు 1896 ఏప్రిల్ 30న అమెరికా దేశంలోని సౌత్ కెరొలినా రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి ప్రాంతాన, బీద నల్లజాతి రైతు కుటుంబంలో జన్మించారు. ఆ తల్లి కన్న ఎనిమిదిమంది బిడ్డలలో పెరిగి పెద్దవారైనది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరైన గ్యారీకి పసితనంలోనే చూపు పోయింది. ఆయనను పెంచింది నాయనమ్మ, అమ్మమ్మల తరం ప్రేమే. చిన్ననాడే మౌతార్గన్, బాంజో పట్టారు. ఏడేళ్లు వచ్చేసరికి గిటారు చేతికి వచ్చింది. యౌవనంలో గ్రీన్‌విల్ పట్టణంలో ఒక వాద్యబృందంతో కలిసి వాయించారు. స్పార్టన్‌బర్గ్ దగ్గర ఉన్న అంధుల పాఠశాలలో కొద్దికాలం ఉన్నారు. ఆ రోజులలో చూపులేని నల్లజాతి యువకునికి బ్రతుకుతెరువు అంటే వీధి మూలన నిలబడి వాయించడం కంటే వేరేమీ పెద్దగా లేదు.

ఇంతలో మరొక దెబ్బ తగిలింది. మంచు మీద జారిపడి ఎడమచేతి మణికట్టు విరిగింది. ఎముక సరిగా అతకలేదు, చేయి వంకరగానే ఉండిపోయింది. తీగెలను మెట్లపై నొక్కవలసినది ఆ చేయే గదా! ఇంకొకరైతే గిటారు గోడకు తగిలించి ఉండేవారు. ఆయన ఆ వంకర చేతికి తగిన పట్లను తానే కనిపెట్టుకున్నారు. మామూలు చేతికి సులువుగా అందని కొన్ని స్వరాల కూర్పులు ఆ చేతికి అందేవని ఆయనను దగ్గరగా చూసినవారు చెబుతారు.

ఆయన వాయించే తీరును కొంచెం వివరంగా చెప్పాలి. గిటారును వేళ్లతో మీటేవారు చాలామంది బొటనవేలితోపాటు రెండు మూడు వేళ్లు వాడతారు. డేవిస్ గారు బొటనవేలు, చూపుడువేలు మాత్రమే వాడారు. రెంటికీ పిక్కులు తొడుక్కునేవారు. బొటనవేలు క్రింది స్వరాలను, తాళం తప్పకుండా, పియానో వాయించేవాని ఎడమచేయిలాగా నడిపిస్తుంది. చూపుడువేలు పైతీగెల మీద రాగాన్ని పలికిస్తుంది. అవసరమైనప్పుడు బొటనవేలు కూడా రాగంలోకి వచ్చి మళ్లీ తన చోటికి పోతుంది. కన్నులు మూసుకొని వింటే ఇద్దరు మనుష్యులు వాయిస్తున్నారని అనుకుంటాం. బ్యాండుమేళం కవాతును సైతం ఆ ఒక్క గిటారు మీద వినిపించేవారు.

అంతకంటె గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. పాట పాడుతూ ఉండగా ఒక చరణం చివర ఆయన గొంతు ఆపేవారు. మిగిలిన మాటను తీగె పలికేది. వినేవారికి ఆ మాట వినబడినట్టే ఉండేది. వేగంగా వాయించడం అభ్యాసంతో వస్తుంది. తీగె చేత మాట పలికించడానికి మాత్రం పాట అర్థం హృదయంలో ఉండాలి.

1920లలో ఆయన నార్త్ కెరొలినాలోని డర్హమ్ పట్టణం చేరారు. అది పొగాకు వ్యాపారానికి పేరుపొందిన ఊరు. పొగాకు అమ్మి డబ్బు చేతబట్టుకొని వచ్చే రైతులు వీధి గాయకులకు నాలుగు నాణేలు వేసేవారు. బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అనే మరొక అంధ గాయకుడు అక్కడే ఆయన దగ్గర ఎంతో నేర్చుకున్నాడు. 1935లో డర్హమ్‌లోని ఒక దుకాణపు మేనేజరు వారిద్దరినీ న్యూయార్క్ తీసుకుపోయి రికార్డులు ఇప్పించాడు. అప్పట్లో బాగా అమ్ముడుపోయేవి బ్లూస్ అనే లౌకిక గీతాలు. డేవిస్ గారు అటువంటివి రెండు మాత్రమే పాడి, మిగతావన్నీ భక్తిగీతాలే ఇచ్చారు. డబ్బు విషయంలోనూ, ఏ పాటలు పాడాలన్న విషయంలోనూ మాట కుదరలేదు. ఆ తరువాత సుమారు పదేళ్లు ఆయన రికార్డులు రాలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఫుల్లర్ మాత్రం వందకు పైగా పాటలు రికార్డు చేసి దక్షిణ రాష్ట్రాలలో పేరు సంపాదించాడు.

ఆ 1930లలోనే డేవిస్ గారు బాప్టిస్టు సేవకునిగా అభిషేకం పొందారు. 1940లలో భార్య ఆనీ గారితో న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఆమె ఇళ్లలో పనిచేసి సంసారం నెట్టుకొచ్చారు. ఆయన హార్లెం వీధులలో గిటారు మెడలో వేసుకొని పాడుతూ, వాక్యం ప్రకటిస్తూ నిలబడేవారు. ఎండలో, చలిలో, నడిచిపోయే జనం కాళ్ల చప్పుడు మధ్య ఇరవై ఏళ్లకు దగ్గరగా ఆ సేవ సాగింది. దారినపోయేవారిలో ఎందరు నిలిచి విన్నారో మనకు తెలియదు. ఆయన మాత్రం మానలేదు.

1950లలో పరిస్థితి మారింది. పాత జానపద సంగీతంపై ఆసక్తి కలిగిన తెల్లజాతి విద్యార్థులు ఆయనను వెదుక్కుంటూ వచ్చారు. పాఠానికి 5 డాలర్లు తీసుకొని, ఉదయం మొదలుపెట్టి ప్రొద్దుగూకేదాకా నేర్పేవారు. డేవ్ వాన్ రాంక్, స్టీఫన్ గ్రాస్‌మన్, డేవిడ్ బ్రోంబర్గ్ వంటివారు ఆయన శిష్యులే. శిష్యులలో కొందరు ఆయన చేయిపట్టి నడిపించి, సభలకు, ఆరాధనలకు తీసుకువెళ్లేవారు. చూపున్నవారు చూపులేనివానిని వీధిలో నడిపిస్తే, ఆయన వారిని తీగెల మీద నడిపించాడు. తనకు తెలిసినదానిని దాచుకొనే గురువు కాదాయన. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

అయితే ఆ విద్యార్థులు అడిగినవి తరచు బ్లూస్ పాటలు. సేవకుడు లౌకిక గీతాలు పాడవచ్చునా? ఇది ఆయనను జీవితాంతం వెంటాడిన ప్రశ్న. బహిరంగంగా అవి పాడడానికి చాలాకాలం నిరాకరించారు. ఆనీ గారికి అవి అసలు గిట్టేవి కావు. చివరి సంవత్సరాలలో కొంత సడలించారు గాని, తరచు మాటలు విడిచి వాద్యం మాత్రమే వినిపించేవారు. ఆయన లోపం లేని పరిశుద్ధుడని నేను చెప్పబోను. చుట్టలు కాల్చేవారు, మరికొన్ని బలహీనతలూ ఉండేవి. కాని ఏది ప్రభువుకు చెందాలో, ఏది చెందకూడదో అని తనలో తాను పోరాడటం ఆయన మానలేదు. ఆ పోరాటం మనకూ క్రొత్త కాదు. గిటారు సినిమా వాద్యమనీ, దేవుని ఇంటిలో తగదనీ మన పెద్దలు అన్న రోజులు నాకు గుర్తున్నాయి.

1960లో వచ్చిన ఆయన రికార్డు హార్లెం స్ట్రీట్ సింగర్ గిటారు ప్రియులకు ఒక పాఠ్యగ్రంథమైంది. 1962లో పీటర్, పాల్ అండ్ మేరీ అనే ప్రసిద్ధ బృందం, సమ్సోను దెలీలాల కథ చెప్పే పాటను ఆయన పేరుమీదనే తమ మొదటి రికార్డులో చేర్చింది. ఆ పాట అంతకుముందే, 1927లో, బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే మరొక అంధ సువార్త గాయకుడు రికార్డు చేసినదే. కాబట్టి దాని మూలం ఒక్కరిది అనలేము. ఏమైనా దానివల్ల వచ్చిన డబ్బుతో ఆ వృద్ధ దంపతులు న్యూయార్క్‌లోని జమైకా అనే పేటలో ఇల్లు కొనుక్కున్నారు. అప్పటికి ఆయనకు అరవై ఐదేళ్లు దాటాయి. 1964లో ఇంగ్లండు పర్యటించారు, 1965లో న్యూపోర్ట్ జానపదోత్సవంలో వేలమంది ఎదుట పాడారు.

ఆయన ఎక్కువగా వాయించింది గిబ్సన్ కంపెనీ వారి జె-200 అనే పెద్ద గిటారు. దానికి మిస్ గిబ్సన్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. నేడు యుద్ధానికి పూర్వపు గిబ్సన్, మార్టిన్ గిటార్ల కోసం సేకరణ చేసేవారు ఎంతో సొమ్ము వెచ్చిస్తారు. గాజు పెట్టెలో భద్రం చేస్తారు. డేవిస్ గారికి గిటారు చూసుకొనే వస్తువు కాదు, చూడలేరు కూడా. అది ఆయనకు పనిముట్టు, తోడు, ప్రసంగపీఠం.

1972 మే 5న, న్యూజెర్సీలో ఒక సభకు పోతూ ఉండగా, దారిలో గుండెపోటు వచ్చి హామంటన్ ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. ఆయన చేతి పట్లు శిష్యుల పుస్తకాలలో, పాఠాలలో నిలిచి, నేటికీ క్రొత్తవారు నేర్చుకుంటున్నారు.

ప్రియమైన యౌవనస్థులారా, మంచి గిటారు కొనుక్కోండి, సంతోషమే. కాని మీ ఇంటి అల్మారాలో వాడకుండా ఒకటి పడి ఉంటే, దానికి తీగెలు మార్పించి, సండేస్కూలులో ఆశగా చూసే ఒక బిడ్డ చేతికి ఇవ్వండి. వారానికి ఒక గంట కూర్చుండి నేర్పండి. పెద్దలారా, ఆ బిడ్డ మొదట తప్పులు వాయించినప్పుడు కసరకండి. రెండు వేళ్లు, ఒక వంకర చేయి, చూపులేని కన్నులు, ఇంతే ఉన్న మనిషి దేనినీ పాతిపెట్టలేదు. మనకు పది వేళ్లున్నాయి.