మెదకు దేవాలయ నిర్మాత పాస్నెట్ దొరగారు

మన చేవెళ్ల ప్రాంతమునకు ఉత్తరమున మెదకు పట్టణము కలదు. అచ్చటి మహాదేవాలయము యొక్క 175 అడుగుల గోపురమును జూచి అబ్బురపడువారు పెక్కండ్రు. అది కఱవు కాలపు కూలివాండ్ర చేతులమీద లేచినదని తలంచువారు కొందఱే.

రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఇంగ్లండు దేశపు వెస్లియను మిషనరీ. వీరు 1895వ సంవత్సరమున సికింద్రాబాదునకు వచ్చి, తిరుమలగిరి దండులోని తెల్లసైనికులకు బోధకులైరి. ఆ పనితో మనస్సు తృప్తినొందక, పల్లె ప్రజలతో కలసి బ్రదుకగోరి మెదకు చేరిరి.

మొదటి మహాయుద్ధ కాలమున ఆ సీమను కఱవు పీడించెను. అన్నార్తులు దొరగారి నాశ్రయించిరి. ఊరక పెట్టిన యన్నము మనుష్యుని బిచ్చగానిగా జేయునని యెంచి, వీరు దేవాలయపు పనిలో వారిని నియోగించి, కష్టమునకు ప్రతిఫలముగా అన్నము పెట్టిరి. 1914లో ఆరంభమైన పని పదియేండ్లు సాగెను. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఆ మందిరము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడెను.

విద్యార్థులారా! మెదకు వెళ్లినపుడు గోపురమును మాత్రమే చూచి మరలకుడు. ఱాళ్లు మోసిన పేదలు తలవంచక తిన్న ముద్దను గూడ స్మరింపుడు. ఆ గౌరవమును నిలిపినదే దొరగారి నిజమైన కట్టడము.