దుంగలో దాగిన నాదం

ప్రసిద్ధ గిటారు వాద్యకారుడైన లెస్ పాల్ 1915 జూన్ 9న అమెరికాలోని వాకెషా పట్టణంలో జన్మించాడు. తన వాద్యనాదం దూరానున్న శ్రోతలకు వినిపించడం లేదని గ్రహించి, బాల్యంలోనే గ్రామఫోను ముల్లును గిటారుకు గుచ్చి, రేడియో ద్వారా ధ్వనిని పెంచాడు.

వీణకు కుండ వలె గిటారుకు బోలు కాయం ఉంటుంది. తీగ నాదాన్ని పెంచేది అదే. కాని విద్యుత్తుతో ధ్వనిని హెచ్చించినప్పుడు ఆ కాయం కూడా కంపించి వికృత ధ్వనులు పుట్టేవి. గట్టి కొయ్య అయితే ఈ దోషం ఉండదని అతడు తలచాడు. 1941 ప్రాంతంలో న్యూయార్కులోని ఎపిఫోన్ కర్మాగారంలో ఆదివారాలు శ్రమించి, నాలుగంగుళాల పైన్ దుంగకు గిటారు మెడను, ఉక్కు తీగలను, స్వయంగా తయారుచేసిన పికప్‌లను అమర్చాడు. తీగ కంపిస్తే, పికప్‌లోని అయస్కాంతం చుట్టూ ఉన్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. స్పీకరులో అదే నాదమవుతుంది. దుంగ రూపాన్ని జనం మెచ్చకపోగా, ఒక గిటారును రెండుగా కోసి ఇరువైపులా రెక్కలుగా అతికించాడు. అయినా గిబ్సన్ సంస్థ దానిని తిరస్కరించింది.

1948లో కారు ప్రమాదంలో అతని కుడి మోచేయి ఛిద్రమైంది. ఆ చేయి ఇక వంగదని తెలిసి, గిటారు వాయించే భంగిమలోనే దానిని నిలపమని వైద్యులను కోరాడు. కోలుకొని మళ్ళీ వాయించాడు. 1952లో ఆ గిబ్సన్ సంస్థే అతని పేరుతో గట్టి కొయ్య గిటారును వెలువరించింది.

లెస్ పాల్ 2009 ఆగస్టులో, 94 ఏళ్ళ వయస్సులో మరణించాడు. పరిహాసానికి గురైన దుంగను పట్టుదలతో ప్రపంచ వాద్యంగా మలచిన ధన్యజీవి అతడు.