దారులు వేసిన దార్శనికుడు: సర్ ఆర్థర్ కాటన్

రామచంద్రపురమునకు రాకపోకలు సాగించువారు ఎక్కడో ఒకచోట కాలువ గట్టుపై కొంత దూరమైనను ప్రయాణింపక తప్పదు. ఆ కాలువ పొలములకు నీరిచ్చుననుట అందరెరిగినదే. అదియే ఒకప్పుడు ఈ సీమకు రాజమార్గమైయుండెనని నేటి విద్యార్థులలో పలువురెరుగరు. సర్ ఆర్థర్ కాటన్‌ను ఆనకట్ట కట్టిన మహనీయునిగా మనమందరము స్మరించుచున్నాము. దారులు వేసినవానిగా ఆయనను పరిచయము చేయుటయే మా ఉద్దేశము.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో భారతదేశమునకు వచ్చెను. కావేరి పాయయైన కొల్లిడముపై 1836లో ఆనకట్టలు కట్టి కీర్తి గడించెను. మద్రాసు చెంత రెడ్ హిల్స్ నుండి రోడ్లకు కావలసిన రాతిని తెచ్చుటకై 1837లో నడచిన రైలుదారియు ఆయన పర్యవేక్షణమున వెలసినదే. బొంబాయిలో ప్రయాణికుల రైలు కదలుటకు పదునారేండ్ల ముందటి మాట యిది. కావున ఆయన రైలునెరుగక కాలువను మెచ్చినవాడు కాడు.

ఆనాడు గోదావరి సీమ కరవులచేతను, తుపానులచేతను కృశించియుండెను. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గెను. పంట పండకపోవుట ఒక్కటే కరవు కాదనియు, ఒకచోటి గింజ మరొకచోటి ఆకలిని చేరలేకపోవుటయు కరవేయనియు కాటన్ గ్రహించెను. వానకాలమున ఈ నల్లరేగడి నేలలో ఎడ్లబండి చక్రము కదలదు. వేసవిలో నది పలుచబడి పడవ సాగదు. అందువలన పొలమునకు పోవు నీటినే ప్రయాణమునకును వినియోగింపవలెనని ఆయన సంకల్పించెను.

1847లో ధవళేశ్వరము వద్ద మొదలైన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. వీణం వీరన్న వంటి స్వదేశీయుల దక్షతయు, పేరు తెలియని వేలాది కూలీల చెమటయు అందులో నున్నవి. కాలువ మట్టము మారుచోట్ల లాకులు కట్టిరి. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపియో దించియో దానిని పై మట్టమునకో క్రింది మట్టమునకో చేర్చెడివారు. గన్నవరము వద్ద హెయిగ్ అను ఇంజనీరు 49 కమానులతో అక్విడక్టు కట్టి, గోదావరి పాయ మీదుగా మరియొక ప్రవాహమును నడపెను. ఏలూరు కాలువ గోదావరీ కృష్ణలను కలిపినది. ధాన్యపు పడవలు కాకినాడ రేవునకు సాగినవి. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టువెంట నడచుచు త్రాటితో పడవలను లాగెడివారు. పడవ నడపు సరంగు పేరు పారసీక భాషనుండి, లాకు పేరు ఇంగ్లీషునుండి వచ్చినవి. తెలుగు కాలువలో ఆ మాటలన్నియు కలిసి ప్రయాణించినవి.

కాటన్ 1861లో సర్ బిరుదు నందెను. అయినను ఆయన తలపెట్టినవన్నియు ఫలింపలేదు. గోదావరి ఎగువ భాగమున నౌకాయానమునకై పూనిన ప్రయత్నము మధ్యలోనే విరమింపబడెను. రైళ్లకంటె కాలువలకే ధనము వెచ్చింపవలెనని ఆయన పట్టుబట్టగా, 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘమెదుట తన వాదమును సమర్థించుకొనవలసి వచ్చెను. రైలు వేగమునకు ఆయన తక్కువ విలువ కట్టెనని మేమును అంగీకరింతుము. కాని పేదవాని సరకు చవుకగా సాగవలెనన్న ఆయన తపనను ఎవ్వరును కాదనలేరు. 1899 జూలై 24వ తేదీన ఆయన కన్నుమూసెను. మరుసటి యేడే రాజమండ్రి వద్ద గోదావరి రైలు వంతెనపై బండ్లు నడచెను.

దారి వేయుటతో పని ముగియదు, దానిని నిలుపుకొనవలెను. మన ఊరి మీదుగా సాగు కాకినాడ-కోటిపల్లి రైలుదారి రెండవ ప్రపంచ యుద్ధకాలమున తొలగింపబడి, తిరిగి 2004లో గాని దక్కలేదు. కాలువలలో పడవలు కనుమరుగై, త్రాడు లాగువారు నడచిన గట్లపై నేడు బస్సులు, లారీలు, ఆటోలు పరుగిడుచున్నవి. కాలినడకకు సరిపోయిన గట్టు ఈ భారమునకు తగినంత పటిష్ఠముగా నున్నదా? మలుపుల వద్ద పిట్టగోడ కలదా? రాత్రివేళ నీటి అంచు కనబడునా? ప్రతి దినము ఆ దారినే కళాశాలకు వచ్చు విద్యార్థుల ప్రాణములు ఈ ప్రశ్నలపై ఆధారపడియున్నవి.

కాటన్ విగ్రహమునకు పూలదండ వేయుట మన సంప్రదాయము. ఆయన త్రవ్వించిన కాలువ గట్టున ఒక పిట్టగోడ కట్టించుటయు ఆయనకు దండ వేయుటయేయని మా విశ్వాసము. మా విద్యార్థులలో రేపు ఇంజనీర్లు కాబోవువారు ఈ మాటను మరువకుందురు గాక.