గాలికే పరీక్ష పెట్టిన ధవన్

దేవుడి ముందు అగరుబత్తి వెలిగించినప్పుడు ఆ పొగను ఎప్పుడైనా గమనించారా? కొంత ఎత్తు దాకా దారం లాగినట్టు నిటారుగా లేస్తుంది. ఆపైన మెలికలు తిరిగి చెదిరిపోతుంది. గాలి నడకలోనూ ఈ రెండు తీరులున్నాయి. విమానాలకు, రాకెట్లకు రెండో దానితోనే తంటా. ఆ తంటా ఎంతో స్వయంగా కొలిచి చూసిన శాస్త్రవేత్త సతీష్ ధవన్. మన శ్రీహరికోట కేంద్రానికి పెట్టింది ఆయన పేరే.

ఆయన 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివి, ఇంగ్లిషు సాహిత్యంలో ఎమ్మే చేసి, ఆపైన మెకానికల్ ఇంజనీరయ్యారు! తర్వాత అమెరికా వెళ్లి 1951లో కాల్‌టెక్‌లో డాక్టరేటు అందుకున్నారు. అక్కడ ఆయన చేసిన పని మార్కాపురం వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మన పలకలాంటి నున్నటి పలక మధ్యలో ఒక చిన్న ముక్కను కదిలేలా అమర్చారు. పైనుంచి గాలి దూసుకుపోతుంటే ఆ ముక్కను ఎంత బలంగా లాగుతోందో కొలిచారు. సాఫీగా సాగే గాలికన్నా సుడులు తిరిగే గాలి రాపిడే ఎక్కువ.

ఆ ఏడాదే బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. దేశంలో మొదటి సూపర్‌సానిక్ విండ్ టన్నెల్‌ను అక్కడ నెలకొల్పారు. అంటే ధ్వనికన్నా వేగంగా గాలి వీచే సొరంగమన్నమాట. విమానాన్ని ఎగరేసి చూసే బదులు దాని చిన్న నమూనాను లోపల బిగించి, గాలినే దాని మీదికి తోలుతారు. కొత్త జాకెట్టు గుడ్డకు కత్తెర పెట్టేముందు పాతగుడ్డ మీద కత్తిరించి చూసుకోమూ, అలాగే. ఆకారంలో లోపముంటే నమూనా దగ్గరే బయటపడుతుంది, ప్రాణాల మీదికి రాదు.

1962లో ఆ సంస్థకే డైరెక్టరై 1981 దాకా నడిపారు. 1972లో ఇస్రో బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు. ఆయన భార్య నళిని జన్యుశాస్త్రవేత్త.

అయితే ఎన్ని పరీక్షలు చేసినా అన్ని లోపాలూ ముందే దొరకవు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్సెల్వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఆమ్లం కారిపోవడమే కారణం. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం కుంగిపోయారు. ధవన్ తానే విలేకరుల ముందుకు వెళ్లి, తప్పు తనదేనని ఒప్పుకున్నారు, తన మనుషుల మీద తనకు నమ్మకముందని చెప్పారు. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి మాత్రం విలేకరుల దగ్గరికి కలాంనే పంపించారు. ఆ సంగతి కలాం జీవితాంతం చెప్పుకున్నారు.

పక్షులంటే ధవన్‌కు ప్రాణం. అవి ఎలా ఎగురుతాయో ఒక పుస్తకమే రాశారు. 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ ఏడాదే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

పిల్లాడికి మార్కులు తగ్గితే నింద ఎవరి మీద వేద్దామా అని చూసే ఇళ్లు మనవి. గెలుపు చిన్నవాళ్లకిచ్చి ఓటమిని తన మీద వేసుకున్న ఆ పెద్దరికం మన ఇళ్లలోనూ ఉంటే పిల్లలు రెండోసారి ధైర్యంగా ప్రయత్నిస్తారు కదూ!