కనుమ దాటిన యతిరాజు

పర్వతములు దేశములను వేఱుచేయును. కనుమలు వానిని కలుపును. తమిళదేశమునకును కన్నడదేశమునకును నడుమ, తూర్పు కనుమలును పడమటి కనుమలును కలియు చోట నీలగిరులు నిలిచియున్నవి. వాని కుత్తరమున మోయారు నది లోతైన లోయగుండ పాఱి భవానీనదిలో కలియును. భవాని కావేరిని చేరును. ఆ లోయ కావల మైసూరు పీఠభూమి కోటగోడవలె లేచియుండును. భవానీతీరమందలి సత్యమంగళమునుండి ఆ గోడ నెక్కుటకు గజలహట్టి, హాసనూరు మొదలగు కనుమలు గలవు. 1790లో టిప్పు సుల్తాను సేనలు గజలహట్టి కనుమనుండియే కొంగునాటికి దిగినవి. నేడు దింబము ఘాటురోడ్డున 27 మలుపులు తిరిగి వాహనములు ఎక్కుచున్నవి. దాదాపు తొమ్మిదివందల యేండ్ల క్రిందట ఈ నీలగిరి ప్రాంతపు టడవులలో, వానలో తడిసి, ఆకలితో డస్సి, కొందఱు శ్రీవైష్ణవులు పడమరగా నడచిరి. వారి నడుమ తెల్లని వస్త్రములు ధరించిన వృద్ధు డొకడుండెను. ఆయనయే భగవద్రామానుజులు.

కాషాయము విడిచి, శ్రీరంగనాథుని విడిచి, ప్రాణసములగు శిష్యులను విడిచి యతిరాజు ఇట్లు అడవిపాలగుటకు కారణమేమి? సర్వము త్యజించిన సన్న్యాసి ప్రాణభీతితో పాఱిపోవుట తగునా? ఈ ప్రశ్నకు సమాధానము వారి జీవితమందే కలదు.

శ్రీరామానుజులు 1017లో, పింగళ సంవత్సరమున, మేషమాసపు టార్ద్రానక్షత్రమందు శ్రీపెరుంబూదూరున ఆసూరి కేశవసోమయాజికిని కాంతిమతికిని జన్మించిరి. కాంతిమతి తిరుమలనంబికి సోదరి. కాంచీపురమున యాదవప్రకాశులవద్ద వేదాంతము చదువుచుండగా శ్రుత్యర్థములందు గురుశిష్యులకు భేదము పుట్టెను. శిష్యుని ప్రతిభ తన మతమునకు ముప్పగునని శంకించిన గురువు, కాశీయాత్ర నెపమున ఆతనిని గొనిపోయి మార్గమధ్యమున చంపింప దలచెను. పినతల్లి కుమారుడగు గోవిందుడు రహస్యముగా హెచ్చరింపగా, ఆ యువకుడు వింధ్యాటవిలో ఒంటరిగా తప్పించుకొనెను.

దారి తెలియని ఆ యడవిలో ఒక బోయదంపతులు ఎదురైరి. తామును దక్షిణమునకే పోవుచున్నామని చెప్పి వెంట నడపించుకొని పోయిరి. రాత్రి బోయత దప్పిగొన్నదని విని, తెల్లవాఱినంతనే రామానుజులు సమీపమందలి బావిలో దిగి దోసిళ్లతో నీరు తెచ్చి యిచ్చిరి. ముమ్మాఱు తెచ్చి, మరల తెచ్చునంతలో ఆ దంపతులు కానరాలేదు; ఎదుట కాంచీపుర గోపురములు కానవచ్చెను. వచ్చినవారు పెరుందేవీ సమేతుడగు వరదరాజస్వామియే యని గ్రహించి, నాటినుండి ఆ బావినీటినే స్వామికి తీర్థకైంకర్యముగా మోయసాగిరి. భగవంతుడు బోయ వేషమున వచ్చి దారి చూపెనను సంగతిని వారు జన్మమంత మఱువలేదు.

పిమ్మట సన్న్యసించి శ్రీరంగము చేరిరి. మంత్రార్థముకొఱకు తిరుక్కోట్టియూరునకు పదునెనిమిది మార్లు నడచి, గోష్ఠీపూర్ణులవలన దానిని పొంది, ఎవ్వరికిని చెప్పరాదను నియమమును దాటి, ఆలయముపై నుండి అందఱికిని వినిపించిరి. దానివలన తా నొక్కడు నరకమున కేగినను, విన్నవారందఱు తరింతురుగదా యని వారి తలంపు. తిరుపతిలో మేనమామయగు తిరుమలనంబివద్ద ఒక సంవత్సరము శ్రీమద్రామాయణార్థములను వినిరి. శేషాచలము సాక్షాత్తు ఆదిశేషుడే యని యెంచి, పాదములతో త్రొక్కుటకు సంకోచించి, మోకాళ్లతో ఎక్కిరని ప్రసిద్ధి. ఒక కొండను మోకాళ్లతో నెక్కిన ఆ మహానుభావునకు మఱియొక కొండను శరణార్థియై దాటవలసిన కాలము వార్ధక్యమున వచ్చెను.

చోళరాజునకు శైవమునందు దురభినివేశ ముండెను. సంప్రదాయ గ్రంథములు ఆతనిని క్రిమికంఠు డని పేర్కొనును. శివునికంటె పరమగు దైవము లేదని వ్రాసి యిమ్మని పండితులను నిర్బంధించుచు, శ్రీరామానుజులను పిలుచుకొని రమ్మని శ్రీరంగమునకు భటులను పంపెను. అప్పుడు వారు స్నానార్థ మేగియుండిరి. సంగతి తెలిసిన కూరేశులు తడవు చేయక, గురువుగారి కాషాయమును త్రిదండమును తాము ధరించి, రామానుజులు తామే యన్నట్లు భటుల ముందు నిలిచిరి. వయోవృద్ధులగు మహాపూర్ణులు తోడుగా వెడలిరి. ఇక్కడ శిష్యులు గురువుగారి పాదములపై పడి, దర్శనము నిలుచుటకు వారు బ్రదికియుండవలెనని వేడుకొనిరి. రామానుజులు కూరేశుల తెల్లని వస్త్రములు ధరించి పడమటి దిక్కు పట్టిరి. ఆ ప్రయాణము తమ యిష్టముచేత చేసినది కాదు. శిష్యుల ప్రార్థనకు తల యొగ్గి చేసినది.

ఆఱు దినములు అడవి. అన్నము లేదు. వాన, చలి, చీకటి. ఆఱవ రాత్రి నీలగిరి ప్రాంతమున దూరముగా మంట కానవచ్చెను. శిష్యులు ఆ వెలుగు దిక్కుగా పోయి చూడగా అది బోయపల్లె. వచ్చినవారు శ్రీరంగమునుండి వచ్చితి మని చెప్పినంతనే బోయలు మొట్టమొదట అడిగినది రామానుజుల క్షేమమును గూర్చియే. వారు నల్లాన్ చక్రవర్తి యను శ్రీవైష్ణవుని యుపదేశము పొందినవారు. తా మెవ్వరి క్షేమ మడిగితిమో ఆయనయే తమ యెదుట తడిసిన బట్టలతో నిలిచియున్నారని యెఱిగి నేలపై బడి మ్రొక్కిరి. చలి కాచుకొనుటకు మంట వేసిరి, తేనెయు కొఱ్ఱపిండియు తెచ్చి యిచ్చిరి, దారి చూపిరి.

ఈ ఘట్టమున నిలిచి యాలోచింపవలెను. వింధ్యాటవిలో భగవంతుడు బోయ వేషమున వచ్చెను. నీలగిరిలో వచ్చినవారు వేషము వేసినవారు కారు, నిజముగా బోయలే. కాని దారి తెలియనప్పుడు ఆదుకొన్న ఆ దయకును, ఆకలియందు ఆదుకొన్న ఈ దయకును భేదము లేదు. ఆలయముపై నుండి రామానుజులు ఇచ్చిన మంత్రార్థము శిష్యప్రశిష్యుల నోట అడవులు పట్టి, కొండ లెక్కి, తమకంటె ముందుగ ఆ పల్లె చేరియుండెను. దాచియుంచినచో ఆ రాత్రి ఆ మంటయొద్ద వారి పేరు తెలిసినవా డొక్కడు నుండకపోవును. తాము పంచిన ధనమే తమకు అన్నమై యెదురువచ్చెను.

బోయలు చూపిన దారిని పోయి, కొంగుపిరాట్టి యను నొక బ్రాహ్మణస్త్రీ యింటికి చేరిరి. ఆమె పూర్వము కఱవుకాలమున భర్తతో శ్రీరంగమున కొన్నినా ళ్లుండి, రామానుజులవలన మంత్రోపదేశము పొంది, తిరిగిపోవునపుడు వారి పాదుకలను వేడి తెచ్చుకొని నిత్యము పూజించుచుండెను. అతిథులలో తన గురువున్నారని తెలిసియు ఆమె ముఖమును చూచి నిర్ణయింపలేదు. ఒక్కొక్కరి పాదములను వరుసగా చూచి, తాను పూజించు పాదుకల యానవాలుచేత ఒకరివద్ద నిలిచెను. పాదములు తన యాచార్యులవే. కాషాయము మాత్రము కానరాదని కలవరపడెను. రామానుజులు తమ్ము తెలుపుకొని ఆమె చేతి ప్రసాదమును గ్రహించిరి. అక్కడనే మరల కాషాయమును త్రిదండమును ధరించిరి. రాజు తీయించిన యతివేషము ఒక గృహిణి యింట తిరిగి వచ్చెను.

పిమ్మట సాలిగ్రామము చేరిరి. అచ్చటనే వడుగనంబి యను శిష్యుడు లభించెను. ఆయనకు ఆంధ్రపూర్ణులని నామాంతరము. ఆచార్యుని పాదములుతప్ప అన్యమెఱుగని యా శిష్యుడు, శ్రీరంగనాథుడు వీథిలో వేంచేసినప్పుడును గురువుగారికి కాచుచున్న పాలను విడిచి రానొల్లలేదని చెప్పుదురు. తొండనూరున హోయసలరాజు బిట్టిదేవుడు యతిరాజు నాశ్రయించి విష్ణువర్ధనుడయ్యెను. 1117లో ఆయన ప్రతిష్ఠించిన బేలూరు కేశవాలయము నేటికిని లోకమును విస్మయపఱచుచున్నది. యాదవాద్రియగు మేలుకోటలో మఱుగుపడియున్న తిరునారాయణస్వామిని యతిరాజు వెలికిదీసి ప్రతిష్ఠించిరి. సంపత్కుమారుడను నుత్సవమూర్తిని తెచ్చుటలో తోడ్పడిన అంత్యజులకు తిరుక్కులత్తా రని పేరిడి, ఉత్సవదినములలో ఆలయప్రవేశము గల్పించిరి. బోయల తేనెను గ్రహించిన చేతులకు ఆ కార్యము క్రొత్తది కాదు.

ఇట్లు వైభవము పెరుగుచుండగా మనస్సు శ్రీరంగమందే యుండెను. వార్త తెలిసికొని రమ్మని సిరియాండానును పంపిరి. ఆయన తెచ్చిన వార్త వజ్రపాతమువంటిది. రాజసభలో కూరేశులు లొంగక తమ కన్నులను తామే పెఱికికొనిరి. మహాపూర్ణుల కన్నులను రాజభటులు తీసిరి. ఆ వృద్ధాచార్యులు తిరుగుదారిలో కూరేశుల యొడిలో శిరస్సుంచి ప్రాణములు విడిచిరి. శ్రీరంగము కొనిపోదుమన్నను వారు సమ్మతింపలేదు. శ్రీరంగమున మరణించినగాని ముక్తి లేదని లోకులు భ్రమింతురేమో యని, శరణాగతునకు దేశనియమము లేదని తమ మరణముచేతనే తెలిపిరి. ఈ వార్త విని రామానుజులు నేలపై బడి విలపించిరి. తమ గురువును కోల్పోయిరి. తమ ప్రాణము నిలుచుటకు శిష్యుడు కన్నులిచ్చెను.

ఇంతటి మూల్యము చెల్లింపబడిన ప్రాణమును ఎట్లు వినియోగింపవలెను? మేలుకోటలోని ప్రతి గోడయు, ప్రతి యుత్సవమును, ప్రతి కైంకర్యమును ఆ ప్రశ్నకు వారిచ్చిన యుత్తరమే. కొండ దాటినది ప్రాణభీతిచేత నైనచో ఆ ప్రాణము తనకొఱకే యుండెడిది. అది యితరులు తమకిచ్చిన నిక్షేపమని వా రెంచిరి. కనుకనే పండ్రెండేండ్లు ఒక్క దినమును వ్యర్థపుచ్చక ఒక దేశమునంతయు భగవత్కైంకర్యమున నిలిపిరి.

రాజు మరణించెనను వార్త వచ్చినంతనే శ్రీరంగమునకు బయలుదేరిరి. మేలుకోటలోని యేబదియిద్దఱు శిష్యులు వియోగము సైపలేకపోగా, తమ విగ్రహమును జేయించి, కౌగిలించి, వారికి నొసగిరి. అది తమరుగంద తిరుమేని యను పేర నేటికిని పూజ లందుకొనుచున్నది. శ్రీరంగమున కూరేశులను కౌగిలించి, వరదరాజస్వామిని కన్నులకై ప్రార్థింపుమని నియమించిరి. కూరేశులు ప్రార్థించినది తమ కన్నులకై కాదు. తమ్ము రాజునకు పట్టియిచ్చిన నాలూరాను తరించుటకై. చిదంబరమునుండి తొలగింపబడిన గోవిందరాజస్వామిని, 1130 ప్రాంతమున, రామానుజులు తిరుపతియందు ప్రతిష్ఠించిరి. తాము నిర్వాసితులై తిరిగినవారు గనుక నిర్వాసితుడైన స్వామికి నెలవు చూపిరి. 1137లో శ్రీరంగమున పరమపదించిరి.

వారు దాటిన కొండల కథ వారితో ముగియలేదు. 1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగముపై వచ్చిపడగా, పిళ్లైలోకాచార్యులు శ్రీరంగనాథుని యుత్సవమూర్తిని గొని వెడలిరి. ఆ దారిలోనే దేహము చాలించిరి. స్వామి మలయాళదేశము మీదుగా పడమటి కనుమలు దాటి, వాని యెగువనున్న తెరకణాంబియందును, పిదప మేలుకోటయందును ఉండి, తుదకు తిరుమల చేరెను. శ్రీనివాసుని సన్నిధిలోని రంగనాయకమండపము ఆ నివాసమునకు గుఱుతుగా నిలిచియున్నది. వేదాంతదేశికులును ఆ యాపత్కాలమున కావేరీతీరమందలి సత్యాగాలమున తలదాచుకొనిరి. 1371లో గోపణార్యుడు స్వామిని మరల శ్రీరంగమున వేంచేపు చేసెను. యతిరాజు మేలుకోటలో సన్నిధి నిలిపియుండనిచో, రెండు శతాబ్దుల పిమ్మట శ్రీరంగనాథునకే నిలువ నీడ కఱవయ్యెడిది.

కనుమ యనునది కొండ యిచ్చిన సందు మాత్రమే. దానిని దారిగా జేయునది నడచినవారి పాదములు. కొంగుపిరాట్టి ముఖమును చూడక పాదములను చూచి గురువును గుర్తించెను. తిరుమల మెట్లెక్కు భక్తుడు మోకాళ్లమెట్టువద్ద ఒక్క నిమిషము నిలిచి ఆ పాదములను తలచుకొనిన చాలును. దారిలో తనకు నీరందించినవాడు ఎవ్వడో, ఏ కులమువాడో విచారింపక చేతులు జోడించినయెడల, యతిరాజు ఆ వానరాత్రి బోయలవద్ద పొందిన ప్రసాదములో అతనికిని పాలు లభించినట్లే.